శనివారం పొద్దున్నే బయల్దేరు

చిరంజీవి సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు జర్మనీలోని కార్ల్‌స్రూహె వచ్చి ఎనిమిది నెలలైనా ఇంకా ఆ ఊరు దాటలేదని మీ అమ్మ చెప్పింది. డిసెంబరు సెలవుల్లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ ఒక్క ఊపులో చుట్టేద్దామని స్నేహితులతో అనుకుంటున్నావట. వెళ్లు, వద్దనను. కానీ దానికోసం ఇన్ని శని, ఆదివారాలు గదిలో కూర్చుని గడిపెయ్యకు. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికొచ్చి సొంత మంచం మీద పడుకునే ప్రయాణాలు ఈ దేశంలో బోలెడు. హోటల్ ఖర్చు ఉండదు, లీవు అడగక్కర్లేదు.

ముందు డాయిచ్‌లాండ్‌టికెట్ తీసుకో, అది జర్మనీ అంతటా చెల్లే నెలవారీ పాసు. 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. మీ ఆఫీసువాళ్లు జాబ్‌టికెట్ (ఉద్యోగులకిచ్చే రాయితీ పాసు) ఇస్తే ఇంకా తక్కువకే వస్తుంది, అడుగు. దేశమంతా రీజనల్ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు వేగం రైళ్లు మాత్రం ఎక్కకూడదు. జర్మన్ రైల్వే వాళ్ల డీబీ యాప్‌లో ఈ టికెట్ చెల్లే రైళ్లే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టుకుని వెతుకు. నెలనెలా దానంతటదే రెన్యూ అవుతుంది, వద్దనుకుంటే 10వ తేదీలోపు ఆపెయ్యాలి. డబ్బు ముందే కట్టేశాం కనక వానొస్తే సగంలో దిగి వెనక్కి వచ్చెయ్యొచ్చు, ఊరు నచ్చకపోతే పక్క ఊరికి పోవచ్చు. ఆ టికెట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ స్వేచ్ఛే.

మొదట జలపాతం ఉన్న కొండ ఊరు ట్రీబెర్గ్ వెళ్లు. కార్ల్‌స్రూహెలో కాన్‌స్టాంజ్ వెళ్లే రీజనల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటన్నర. ఆఫెన్‌బుర్గ్ దాటేదాకా మామూలు రైలే. హార్న్‌బెర్గ్ వచ్చిందంటే ఫోన్ పక్కన పెట్టెయ్. అక్కణ్ణించి కొండ ఎక్కడానికి పట్టాలు మెలికలు తిరుగుతాయి. ఒక సొరంగంలోంచి బయటికొచ్చి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. కిటికీలోంచి కిందికి చూస్తే, కాసేపటి కింద మనం వచ్చిన దారే లోయలో కనిపిస్తుంది. రాబర్ట్ గెర్విగ్ అనే ఇంజనీరు వేసిన ఈ లైను 1873లో పూర్తయింది. ఆ కొండల్ని చూస్తే, అప్పట్లో ఎలా కట్టారా అని ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. స్టేషన్ నుంచి జలపాతానికి ఎత్తు ఎక్కుతూ నడవాలి, మంచి బూట్లు వేసుకో. నీళ్లు మెట్లు మెట్లుగా 163 మీటర్లు దిగుతాయి. పక్కనే అడవిలో బాట ఉంది, నెమ్మదిగా పైదాకా వెళ్లు.

తర్వాత ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్. సరిహద్దుకి ఇవతలి జర్మన్ ఊరు కేల్ దాకా నీ టికెట్ చెల్లుతుంది. అక్కణ్ణించి ట్రామ్ ఉంది, దానికి విడిగా టికెట్ కొనాలి. నా మాట విని వెళ్లేటప్పుడు మాత్రం నడిచే వెళ్లు. రైన్ నది మీద పాదచారుల వంతెన ఉంది, ఇవతల జర్మనీ, అవతల ఫ్రాన్స్. అవతల గట్టున ట్రామ్ ఎక్కితే ఊళ్లోకి తీసుకెళ్తుంది. చర్చి శిఖరం 142 మీటర్లు, ఎర్ర రాయి. సాయంత్రపు ఎండలో చూడు.

సరిహద్దు దాటేటప్పుడు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒరిజినల్సే ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు రైల్లో పోలీసులు అడగొచ్చు. ఆ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో) 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. లండన్‌కి, ఐర్లండ్‌కి ఇది పనికిరాదు, వీసా వేరే. కార్డు రెన్యువల్‌లో ఉంటే కొత్తది చేతికొచ్చేదాకా జర్మనీలోనే తిరుగు. చూడ్డానికి ఇక్కడే బోలెడుంది: హైడెల్‌బెర్గ్, ష్పైయర్, బాడెన్-బాడెన్ అన్నీ నీకు దగ్గరే.

కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ఎక్కేముందు నువ్వెక్కే బోగీ మీద ఏ ఊరి పేరుందో చూసుకో. ఆఖరి రైలు కాకుండా దాని ముందు రైలుకి తిరుగు ప్రయాణం పెట్టుకో, అప్పుడు ఒకటి తప్పిపోయినా టెన్షన్ ఉండదు. ఆదివారం షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే మేలు. స్టేషన్‌లో టాయిలెట్‌కి డబ్బులు అడుగుతారు, చిల్లర ఉంచుకో. తిండి మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లు. పులిహోర సాయంత్రం దాకా పాడవదు.

ఒక్కదానివే వెళ్లడానికి బెరుకుగా ఉంటే చెప్పు. నేను ఫ్రైబుర్గ్ నుంచి ఆఫెన్‌బుర్గ్ దాకా వచ్చి నీ రైలే ఎక్కుతాను. వచ్చే శనివారం నాకు ఖాళీయే. టికెట్ తీసుకోగానే ఫోన్ చెయ్యి, ఏ రైలో అనుకుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ