లింకర్ మార్చాలంటే కంపైలర్‌కి చెప్పు

అల్లుడూ,

ఎల్‌ఎల్‌వీఎమ్‌ని (కంపైలర్లు తయారుచేసే సామగ్రి) సోర్సు నుంచి కట్టుకుంటుంటే చివర్లో ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోందని రాశావు. 8 జీబీ ర్యామ్‌తో అది వింతేమీ కాదు. రాజాంలో కరెంటు పోతే మళ్లీ మొదట్నించీ మొదలెట్టాలేమో అని టెన్షన్ పడకు, బిల్డ్ నడిపే నింజా ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

కంపైల్ పనిని కోర్లన్నీ పంచుకుంటాయి. కంపైలైన ముక్కల్ని ఒక్క ప్రోగ్రాముగా కలిపే లింకింగ్ దగ్గరికొచ్చేసరికి, పది పొయ్యిల మీద పెళ్లివంట చేసి వడ్డనకి ఒక్కణ్ణే నిలబెట్టినట్టవుతుంది. నీ ఉబుంటూలో మామూలుగా వచ్చే గ్నూ ఎల్‌డీ అనే లింకర్ సంగతి అదే. బదులుగా ఎల్‌ఎల్‌డీ గానీ, మోల్డ్ గానీ పెట్టుకో. రెండింటి వెనకా రుయి ఉయేమా అనే ప్రోగ్రామర్ చెయ్యి ఉంది. గోల్డ్ అనే లింకర్ జోలికి మాత్రం పోకు. 2025లో వచ్చిన బైన్‌యుటిల్స్ (గ్నూ లింకర్లు ఉండే ప్యాకేజీ) 2.44లో దాన్ని ప్రధాన ప్యాకేజీలోంచి తీసేశారు.

ఇక అసలు సంగతి. ఎల్‌డీ అనే వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పని అయిపోయిందనుకున్నావు కదా, అవలేదు. మామూలు ప్రోగ్రాముల్లో లింకర్‌ని పిలిచేది కంపైలరే, అంటే జీసీసీనో, క్లాంగో. ఆ వేరియబుల్‌ని అవి పట్టించుకోవు. లైనక్స్ కెర్నల్ వేరే, అది లింకర్‌ని నేరుగా పిలుస్తుంది కాబట్టి అక్కడ ఎల్‌డీని మేక్ కమాండ్‌లోనే ఇస్తే చెల్లుతుంది, ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలదు. మిగతాచోట్ల కంపైలర్‌కే ఫ్లాగ్ ఇవ్వాలి: మైనస్, ఎఫ్, దానికి ఆనుకుని యూజ్-ఎల్‌డీ, ఈక్వల్స్, లింకర్ పేరు. మధ్యలో ఖాళీ ఉండకూడదు. జీసీసీలో మోల్డ్ పేరు ఇలా చెల్లాలంటే 12.1 వెర్షనైనా ఉండాలి. కాన్ఫిగర్ స్క్రిప్టు ఉన్నవాటికి ఎల్‌డీఫ్లాగ్స్ అనే వేరియబుల్‌లో పెట్టు. ఎల్‌ఎల్‌వీఎమ్‌కైతే ఎల్‌ఎల్‌వీఎమ్-యూజ్-లింకర్ అని దాని సొంత ఆప్షనే ఉంది.

బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ దగ్గర ఒక తిరకాసుంది. ఎల్‌డీఫ్లాగ్స్‌ని అది మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడే చదివి క్యాష్‌లో రాసేసుకుంటుంది. తర్వాత టెర్మినల్లో నువ్వు ఎన్నిసార్లు మార్చినా పాతదే నడుస్తుంది. "ఏటి మావయ్యా, ఎంత మార్చినా మారట్లేదు" అని మళ్లీ నాకు ఫోన్ చేయకుండా, బిల్డ్ డైరెక్టరీ తీసేసి కొత్తగా కాన్ఫిగర్ చెయ్యి.

మారిందో లేదో టైము చూసి అంచనా వేయకు. తయారైన బైనరీ మీద రీడ్‌ఎల్ఫ్ అనే టూల్ నడిపి కామెంట్ సెక్షన్ చూడు. ఎల్‌ఎల్‌డీ అయినా మోల్డ్ అయినా తన పేరు అక్కడ రాసిపెడుతుంది.

లింకర్ మారినంత మాత్రాన ర్యామ్ పెరిగిపోదు. డీబగ్ బిల్డ్ మానేసి రిలీజ్ పెట్టు, ఒకేసారి నడిచే లింక్ జాబ్‌ల సంఖ్యని 1 చెయ్యి. ఆ ఆప్షన్ నింజాతోనే పనిచేస్తుంది. జీసీసీతో ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు జరిగే ఆప్టిమైజేషన్) ఆన్ చేశావంటే ఎల్‌ఎల్‌డీ పనికిరాదు, జీసీసీ ఎల్‌టీఓ ఆబ్జెక్టులు దానికి అర్థం కావు.

సిస్టమ్‌లో ఉన్న ఎల్‌డీని చెరిపి అదే పేరుతో ఇంకోదాన్ని పెట్టమని ఎవరైనా చెబితే వినకు. ఒక్క ప్రాజెక్టు కోసం మొత్తం మెషీన్‌ని కదపడం దేనికి?

ఇంకా ఆగితే చివరి ఇరవై వరుసలు కాపీ చేసి పంపు. ఫోటో తీసి పంపితే చదవలేను.

మీ మావయ్య,
విజయనగరం