కొండ పొగ కంటే ఆ పొట్లమే భయపెడుతోంది

ప్రశ్న: మాది తిరుపతి, జీవకోన. ఎండలు ముదరకముందే ఫారెస్టు వాళ్లు కొండమీద ఫైర్ లైన్ల (మంట పాకకుండా వదిలే ఖాళీ పట్టీలు) కోసం ఎండుగడ్డి కాలుస్తున్నారు. పగలు ఏమీ తెలియదు, తెల్లారుజామున ఇల్లంతా పొగవాసన. అమ్మకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. నెలగా దగ్గు, ఆయాసం. మెడికల్ షాపులో పొట్లం కట్టిచ్చిన మాత్రలు వేస్తే ఆ పూటకు తేలికపడుతోంది. పొగ ఎప్పుడు పోతుంది? అందాకా అవే వాడొచ్చా?

జవాబు: పొగ సంగతి ముందు చెప్పేస్తాను. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగ కూడా దాంతోపాటే వెళ్లి చెదిరిపోతుంది. పొద్దుగూకాక కొండవాలు చల్లబడి, బరువెక్కిన గాలి లోయల వెంబడి కిందికి జారుతుంది. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టుంటుంది. దాంతో రాత్రంతా రగిలే మొద్దుల పొగ కొండకింది వీధుల్లోనే నిలిచిపోతుంది. మామూలుగా తొమ్మిది, పది గంటలకు ఎండ పుంజుకున్నాక విడుస్తుంది. అమ్మగారి వాకింగ్ ఆ తర్వాతే. అప్పటిదాకా కిటికీలు మూసి ఉంచండి, లోపల దోమల కాయిల్ మాత్రం వెలిగించకండి, అదీ పొగే. తడిగుడ్డ కట్టుకుంటే పొగలోని కంటికి కనిపించనంత సన్నటి (2.5 మైక్రాన్లలోపు) నలుసులు ఆగవు. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్కు.

అయినా నెలనాటి దగ్గునంతా పొగ ఖాతాలో వేయకండి.

ఇక ఆ పొట్లం. మా ఓపీకి ఇలాంటివి రాని వారం లేదు: ఒక తెల్లమాత్ర, ఒక పచ్చమాత్ర, ఇంకోటి సగం విరిచింది. పేరుండదు. చూడకుండా గట్టిగా చెప్పలేను గానీ, వాటిలో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. షుగర్‌ను పెంచేస్తుంది, లోపల టీబీ ఉంటే రెచ్చగొడుతుంది. చదువుకున్నవాళ్లు, నెలరోజులు పేరైనా అడగకుండా ఎలా వేశారండీ? అలాగని ఇవాళే మీ అంతట మీరు ఆపేయకండి. ఇన్నాళ్లు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. పొట్లంతో సహా రేపే డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో వారే చెబుతారు.

రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష తప్పదు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఛాతీ ఎక్స్‌రే, షుగర్‌తోపాటు ఈసీజీ కూడా తీయించండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానే బయటపడవచ్చు. ఆమె ఏళ్లతరబడి కట్టెల పొయ్యిమీద వండి ఉంటే అదీ చెప్పండి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గినా తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి.