కార్డు ప్యానెల్ గురించి అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. "విండోస్‌లో గ్రాఫిక్స్ కార్డుకి ఎంత పెద్ద ప్యానెల్ ఉండేదో! ఉబుంటు వేశాక అందులో సగం పేజీలు మాయమయ్యాయి. కార్డు పాడైందా పెదనాన్నా?" అని అడిగావు. ఏం పాడవలేదు, కంగారు పడకు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నువ్వు వేసింది ఉబుంటు 25.10, లినక్స్‌లో ఒక రకం. అందులో గ్నోమ్‌కి, అంటే నీకు కనిపించే డెస్క్‌టాప్‌కి, పాత ఎక్స్ సెషన్ తీసేశారు, ఇక వేలాండ్ ఒక్కటే. రెండూ తెర మీద కిటికీలు చూపించే ఏర్పాట్లే, ఎక్స్ పాతది, వేలాండ్ కొత్తది. నువ్వు తెరిచిన ఎన్విడియా సెట్టింగ్స్ ప్యానెల్ ఎక్స్ రోజుల్లో పుట్టింది. మానిటర్లు ఎలా పెట్టాలి, రిజల్యూషన్ ఎంత అన్నవన్నీ ఎక్స్ సర్వర్‌ని అడిగి చేయించేది. ఇప్పుడు అడగడానికి ఆ ఇంట్లో ఎక్స్ లేదు, అందుకే ఆ పేజీలూ లేవు. మానిటర్ పనంతా మామూలు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ కింద ఉంది, అక్కడ చేసుకో.

ప్యానెల్‌ని స్విచ్ బోర్డు అనుకో. వైరింగంతా గోడలో ఉంటుంది, అంటే సిస్టం గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, కార్డుని నడిపించే డ్రైవర్‌లో. బోర్డు మారినంత మాత్రాన వైరింగ్ మారదు. ఎప్పుడైనా ప్యానెల్ ఖాళీగా తెరుచుకుంటే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చోకు. టెర్మినల్లో ఎన్విడియా-ఎస్ఎమ్ఐ (nvidia-smi) అని కొట్టు. పట్టికలో కార్డు పేరు, వేడి, వాట్లు కనిపిస్తే డ్రైవర్ బతికే ఉంది. డ్రైవర్‌కీ లైబ్రరీకీ వెర్షన్ కుదరలేదని తిడితే, వెనకాల అప్‌డేట్ జరిగిందన్నమాట. రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. డ్రైవర్ అసలు దొరకలేదంటే సెక్యూర్ బూట్ మీద అనుమానపడు, అది తను నమ్మే సంతకం లేని డ్రైవర్లని ఆపే కాపలా. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ కాగానే నీలం తెర ఒకటి వస్తుంది. అందరూ అది చూసి భయపడి "కంటిన్యూ బూట్" నొక్కేస్తారు. నొక్కకూడదు. "ఎన్‌రోల్ మోక్" (Enroll MOK, ఈ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కాసేపే ఉంటుంది, ఈలోగా టీ కోసం లేచి వెళ్లకు.

ఇక అసలు పని. మొదటి వారం రోజులూ ఏ స్లయిడరూ ముట్టుకోకు, ఊరికే చూడు. చూడటానికి ఎన్‌విటాప్ చాలు, టెర్మినల్లో కార్డు అంకెలు చూపించే ప్రోగ్రాము. నీ 3డీ బొమ్మల ప్రోగ్రాము బ్లెండర్‌లో బరువైన సీన్ ఒకటి రెండర్‌కి (తుది బొమ్మ తయారీకి) పెట్టి, అరగంట ఆగి చూడు. వేడి ఎంత, వాట్లు ఎంత, మెమరీ ఎంత నిండింది? ఈ మూడూ నోటుబుక్కులో రాసుకో. నీ ఎన్విడియా 3060 కార్డులో 12 జీబీ మెమరీ ఉంది. రెండర్ నత్తనడక నడుస్తోందని మొన్న ఏడ్చావు కదా, టెక్స్చర్లు (వస్తువుల మీద అంటించే బొమ్మలు) పెద్దవై ఆ 12 నిండిపోతే ఏ ప్యానెల్లో ఏది తిప్పినా లాభం ఉండదు. టెక్స్చర్లు చిన్నవి చేసుకోవాల్సిందే. ముందు రోగమేదో తెలియాలి.

ఇంకో మాట. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు తిరగడం లేదని రాశావు. అలాంటి కార్డులు చాలా ఉన్నాయి, చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాన్లు ఆపేసుకుంటాయి. రెండర్ మొదలయ్యాక కూడా తిరగకపోతే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

వారం గడిచాక మార్చాల్సింది ఒక్కటే: పవర్ లిమిట్, అంటే కార్డు ఎన్ని వాట్ల దాకా తాగొచ్చన్న హద్దు. అందరూ ప్యానెల్ తెరిచేది వేగం పెంచడానికి. నేను తెరిచేది తగ్గించడానికి. నీ కార్డుకి కంపెనీ పెట్టిన లెక్క 170 వాట్లు. చివరి కొసరు వేగం కోసం కార్డు వాట్లు విపరీతంగా తాగుతుంది. బెజవాడ మే నెలలో, ఏసీ లేని మేడ మీద గదిలో, ఆ వేడంతా నీ మొహానికే కొడుతుంది. 150కి దింపి అదే సీన్ మళ్లీ రెండర్ చెయ్యి, టైం రాసుకో. తర్వాత 130. నేను నా కార్డు మీద 130 దగ్గర ఆగాను. రెండర్ కొంచెం ఆలస్యమైంది గానీ ఫ్యాన్ల హోరు తగ్గి, పక్కగదిలో మీ పెద్దమ్మ సీరియల్ డైలాగులు నాకు వినిపించడం మొదలైంది. అది లాభమో నష్టమో చెప్పను.

దీనికి నువ్వు వేసుకోవాల్సింది లాక్ట్ (LACT) అనే ప్యానెల్. మొదట్లో ఏఎమ్‌డీ కార్డుల కోసమే రాశారు, ఇప్పుడు ఎన్విడియాకీ పనిచేస్తుంది, వేలాండ్‌తో పేచీ లేదు. దీంట్లో రెండు భాగాలుంటాయి. రూట్ (అడ్మిన్) హక్కులతో వెనకాల నడిచే సర్వీసు ఒకటి, నీకు కనిపించే కిటికీ ఒకటి. కిటికీ మూసేసినా సర్వీసు పని చేస్తూనే ఉంటుంది, బూట్ అయినప్పుడల్లా నీ లెక్క తనే పెడుతుంది. అదే టెర్మినల్లో ఎన్విడియా-ఎస్ఎమ్ఐతో పవర్ లిమిట్ పెడితే రీస్టార్ట్ కాగానే ఎగిరిపోతుంది. లాక్ట్‌లో ఏదైనా మార్చి అప్లై నొక్కితే, కొన్ని సెకన్ల గడువిచ్చి "ఉంచమంటావా?" అని అడుగుతుంది. నువ్వు జవాబివ్వకపోతే పాత లెక్కకి వెళ్లిపోతుంది. తెర గడ్డకట్టినప్పుడు నిన్ను కాపాడేది అదే.

ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలన్న గీత, గీయాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టనీ. ముందు క్యాబినెట్ తెరిచి దుమ్ము దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. అప్పటికీ రెండర్‌లో వేడి 80 డిగ్రీలు దాటుతుంటే, కార్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటోందేమో చూసి, అప్పుడు కర్వ్ జోలికి వెళ్లు.

ఒకేసారి రెండు ప్యానెళ్లతో పని పెట్టుకోకు. ఒకటి ఫ్యాన్ పెంచుతుంది, ఇంకోటి తగ్గిస్తుంది, నువ్వు మధ్యలో కార్డుని తిడతావు. పాత సలహాల్లో గ్రీన్ విత్ ఎన్వీ అనే ప్యానెల్ వెయ్యమనీ, కూల్‌బిట్స్ అని ఒక లైను ఎక్స్ కాన్ఫిగ్ ఫైల్లో చేర్చమనీ కనిపిస్తుంది. అదంతా ఎక్స్ ఉన్నప్పటి మాట, నీకు అక్కర్లేదు.

ఆ ఫైలు పేరెత్తితే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది. కాలేజీ ల్యాబులో ఉన్నప్పుడు ఒక మిషను మీద ప్యానెల్లో రిజల్యూషన్ సరిచేసి, "ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైల్లో సేవ్ చెయ్యి" అని ఒక బటన్ ఉంటే, మంచిదే కదా అని నొక్కాను. మర్చిపోయాను. ఏడాది తర్వాత, రేపు ప్రాక్టికల్స్ అనగా, ఆ మిషనుకి వేరే మానిటర్ తగిలించాను. నల్ల తెర. కేబుల్ మార్చాను, కార్డు ఊడదీసి పెట్టాను, రాత్రి పదకొండయింది. చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వచ్చింది. పాత మానిటర్ లెక్కలన్నీ ఆ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. దాని పేరు మార్చి రీస్టార్ట్ చేశాను, తెర వెలిగింది. తప్పు నాదే, రాసుకోకుండా నొక్కాను. అందుకే నీకు చెబుతున్నా, లాక్ట్ తన లెక్కలు రాసుకునేది ఈటీసీ ఫోల్డర్లో, లాక్ట్ అనే ఫోల్డర్ కింద, కాన్ఫిగ్ అనే ఫైల్లో. ఇవాళే దాన్ని తెరిచి చదువు. మామూలు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఆ మూడు కీలూ కూడా మానిటర్ అంచున చీటీ మీద రాసి అంటించు.

నీ రూమ్మేట్‌ది ఏఎమ్‌డీ కార్డు అన్నావు. ఆ అమ్మాయి పని ఇంకా తేలిక, డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, వేరే వెయ్యక్కర్లేదు. లాక్ట్ వాడొచ్చు, లేదా కోర్‌కంట్రోల్ అనే ఇంకో ప్యానెల్. కోర్‌కంట్రోల్‌లో ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, గేము తెరిస్తే ఒకటి, మూస్తే ఇంకొకటి. కాకపోతే క్లాకులూ వోల్టేజీలూ మార్చాలంటే ముందు ఓవర్‌డ్రైవ్ అనే తాళం తెరవాలి, దానికి రీబూట్ కావాలి. తెరిచి ఉంచి కెర్నెల్ వాళ్లకి బగ్ రిపోర్ట్ పంపితే, ముందు అది మూసి చూడమంటారు. అవసరం లేకపోతే తెరవొద్దను.

తమ్ముడి ల్యాప్‌టాప్ సంగతి అడిగావు. అందులో రెండు కార్డులుంటాయి. ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్రీట్ కార్డుతో (విడిగా ఉండే పెద్ద కార్డుతో) తెరవమనే వరస ఉంటుంది, గేముకి అది చాలు. మిగతా వేళల్లో చిన్న కార్డే నడవనీ, బ్యాటరీ నిలుస్తుంది.

శనివారం రాత్రి రెండర్ పెట్టాక ఆ మూడు అంకెలూ వాట్సాప్‌లో పంపు. గదిలో ఎంత వేడిగా ఉందో కూడా రాయి. అది లేకుండా పంపితే నేను చూడను.

పెదనాన్న