'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఏంటి? చంద్రుడు నిజంగా నీలంగా మారతాడా?

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే చాలా అరుదుగా అని. మన 'అమావాస్యకో పున్నమికో' లాంటిదే. లెక్క చూస్తే మనది పదిహేను రోజులకోసారి, వాళ్లది రెండు మూడేళ్లకోసారి!

పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు 29.5 రోజులు. అందుకే నెల మొదట్లో పౌర్ణమి వస్తే, నెలాఖరున ఇంకోటి పడొచ్చు. ఆ రెండోదాన్నే ఇప్పుడు బ్లూ మూన్ అంటున్నారు. 2023 ఆగస్టులో అదే జరిగింది: మొదట అధిక శ్రావణ పౌర్ణమి, నెల చివర రాఖీ పౌర్ణమి.

"హీ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే ఎప్పుడో గానీ ఫోన్ చేయడని. అసలు చేయడని కాదు, ఒక్కసారే చేశాడనీ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇక రంగు సంగతి. బ్లూ మూన్ నాడు చంద్రుడు మామూలుగానే ఉంటాడు. గాలిలో సరిగ్గా తగిన సైజున్న పొగ, బూడిద రేణువులు నిండితేనే నీలంగా కనిపిస్తాడు. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలాక కొన్నిచోట్ల అలాగే కనిపించాడు. దానికి పౌర్ణమితో పనిలేదు.