ఛాసిస్ చిల్లుపడిన జిప్సీ చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. మహేంద్రగిరి వైపు కొండవాలులో మాకు జీడితోట ఉంది. రోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్లు రాళ్ళబాట, మధ్యలో ఒక గెడ్డ (వాగు) దాటాలి. పంట దినాల్లో జీడిపిక్కల బస్తాలు కిందికి దించడానికి ట్రాక్టరుకి అద్దె కట్టీ కట్టీ విసుగొచ్చేసింది. బరంపురం దగ్గర ఒకాయన 2008 మోడల్ మారుతీ జిప్సీని రూ.1,40,000కి ఇస్తానంటున్నాడు. ఓఆర్, అంటే ఒడిశా నంబరు బండి. ఇంజిను బాగుంది, ఫోర్ వీల్ కూడా పడుతోంది. కానీ వెనక కమాను (పట్టీల స్ప్రింగు) కొసని పట్టుకునే షాకిల్ దగ్గర ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, తుప్పు పట్టి చిల్లు పడింది. ముందు స్టీరింగ్ బాక్సు దగ్గర పాత అతుకు ఒకటుంది, దాని పక్కన సన్నటి గీత కనిపిస్తోంది. ఊళ్ళో వెల్డరు రూ.15 వేలిస్తే అంతా సరిచేసేస్తానంటున్నాడు. మా బావ మాత్రం ‘తుక్కు బండి, దాని జోలికి పోకు’ అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక జీడి రైతు, మందస మండలం

జవాబు: ఇద్దరిలో ఎవరి మాటా ఇప్పుడే వినకండి. మీ బావ బండి కింద దూరి చూశాడో లేదో మీరు రాయలేదు. వెల్డరు చూసే ఉంటాడు గానీ, రూ.15 వేలకు ఆయన ఏమేం విప్పుతాడో, ఏమేం వదిలేస్తాడో చెప్పలేదు కదా.

మీరు చెప్పిన రెండు దెబ్బలూ ఒక్క జాతివి కావు. వెనకాలది తుప్పు. బరంపురం దగ్గరి బండి అంటున్నారు, గోపాలపూర్ సముద్రపు ఉప్పుగాలి తిని ఉంటుంది. జిప్సీ ఛాసిస్ రెండు పొడుగు కమ్మీలూ వాటి మధ్య అడ్డకమ్మీలూ ఉన్న నిచ్చెన. లారీ కమ్మీలా ఒక పక్క తెరిచి ఉండదు, నాలుగు పక్కలా మూసిన డబ్బా. అందులోకి బురద చేరి, నీళ్ళు కారే కంతలు పూడుకుపోతే లోపలి నుంచి తినేస్తుంది. పైకి రూపాయి బిళ్ళంత చిల్లు కనిపించేసరికి లోపల జానెడు పలచబడిపోయి ఉంటుంది. ముందుది తుప్పు కాదు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ బాక్సు తను బిగించిన కమ్మీని మెలిపెడుతుంది. రాళ్ళబాటలో చక్రం గుంతలో పడి ఎదురు తన్నినప్పుడు ఇంకా గట్టిగా మెలిపెడుతుంది. అక్కడ పగులు రావడం ఈ జాతి బండ్లకు తెలిసిన జబ్బే. ఒకసారి అతుకు వేశాక దాని పక్కనే మళ్ళీ గీత వచ్చిందంటే, మొదటి అతుకు సరిగ్గా వేయలేదన్నా అయి ఉండాలి, లేదా కమ్మీ వంగిన బండికి వంపు తీయకుండా అతికారన్నా అయి ఉండాలి.

వెనక చిల్లు చూసి నేను భయపడను. నన్ను ఆపేది ఆ ముందు గీత.

అందుకని బేరానికి ముందు ఒక పూట తీరిక చేసుకుని బరంపురం వెళ్ళండి. ఒక టేపు, సుద్దముక్క, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు పట్టుకెళ్ళండి. బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టించి, స్టీరింగ్ నేరుగా ఉంచండి. ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డుకి టేపు పట్టండి. జిప్సీకి ఈ దూరం 2,375 మిల్లీమీటర్లు. కుడి పక్కా ఎడమ పక్కా ఒకేలా రావాలి. తేడా వస్తే వెంటనే ఛాసిస్ వంగిందని తీర్మానించకండి. కమాను కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగినా యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. దాని రిపేరు వందల్లో పోతుంది. యాక్సిల్‌ని కమానుకి బిగించే యూ బోల్టుల దగ్గర కమాను మీద యాక్సిల్ జరిగిన మెరుపు గీతలు కనిపిస్తే అదే కారణం. ఇలాంటి బండిని ‘ఛాసిస్ బెండు’ అని తుక్కు రేటుకి అమ్మేసినవాళ్ళు ఉన్నారు, కొన్నవాళ్ళు ఆ రోజే బోల్టు మార్చి నడుపుకుంటూ పోయారు.

తర్వాత తూకం గుండు పని. ఛాసిస్ మీద కుడి ఎడమల ఒకేలా ఉండే చోట్లు, అంటే కమాను పిన్నులు, బాడీ బోల్టులు చూసుకుని, ప్రతి చోటు నుంచీ గుండు వదిలి నేల మీద సుద్దతో చుక్క పెట్టండి. బండిని పక్కకు తోసేసి, ముందు కుడి చుక్క నుంచి వెనక ఎడమ చుక్కకి, ముందు ఎడమ నుంచి వెనక కుడికి ఐమూలగా కొలవండి. రెండు కొలతలకీ మధ్య అయిదారు మిల్లీమీటర్లు దాటి తేడా ఉంటే కమ్మీ వంగినట్టే. ఇల్లు కట్టేటప్పుడు పునాది మూలమట్టం చూసేది కూడా ఇలాగే కాబట్టి ఇది మీకు కొత్త విద్యేమీ కాదు.

ఇక సుత్తి. కమ్మీ పొడుగునా మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట డబ్‌మని మొద్దు చప్పుడొస్తుంది, అక్కడ స్క్రూడ్రైవరు మొన పెట్టి నొక్కండి. దిగిందంటే ఆ జాగా లేనట్టే. బండి కింద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరీ అనుమానించండి. పదిహేనేళ్ళు దాటిన బండికి అమ్మకానికి ముందు కింద రంగు వేయించేవాడు అందం కోసం వేయించడు. అమ్మేవాడు సుత్తి వద్దంటే అక్కడితో బేరం ఆపేసి టీ తాగి వచ్చేయండి.

చివరగా అతుకు సంగతి. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ అతుకు చుట్టూ రంగూ గ్రీజూ గీకి చూపించమనండి. గీత అతుకు అంచు వెంబడే ఆగిపోయిందా, కమ్మీ పై అంచుకో కింది అంచుకో పాకిందా అన్నది చూడాలి. నిలువు గోడలో ఉంటే బాగుచేయొచ్చు. అంచు తిరిగి కిందికి దిగిందంటే, ఐమూల కొలత కూడా తేడా చూపిస్తుంటే, ఆ బండిని నేనయితే ఉచితంగా ఇచ్చినా కొండకి తోలను. గెడ్డ దిగేచోట స్టీరింగ్ బాక్సు ఊడిందంటే బస్తాలతో సహా మీరూ గెడ్డలోనే ఉంటారు.

కొలతలు సరిపోయి, గీత చిన్నదే అయితే రిపేరు లెక్కలోకి వద్దాం. రూ.15 వేలకు జరిగేది బాడీ పైన ఉండగానే, కింద పడుకుని, రాడ్ వెల్డింగుతో రేకుముక్క అతికించడం. అది ఒక వానాకాలం నిలబడుతుంది. సరిగ్గా చేయాలంటే వెనక పెట్రోలు ట్యాంకు దించాలి. దించకుండా దాని పక్కన నిప్పురవ్వలు ఆడించేవాడికి బండి అప్పగించకండి, ఈ విషయంలో మొహమాటపడొద్దు. బ్యాటరీ తీగలు తీసేయాలి. కమ్మీ వెంట పోయే బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు విప్పాలి. ఆ వయసు బండికి అవి విప్పితే మళ్ళీ పనికిరావు, కొత్తవి కొనాలి. బాడీ లేపాలంటే బోల్టులు సగం విరుగుతాయి, రబ్బర్లు మార్చాలి. తిన్న ఇనుమంతా మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, అంతే మందం రేకు వేసి, సీఓటూ వెల్డింగు (గ్యాసు వదులుతూ సన్నటి తీగతో అతికేది) చేయాలి. పగులు చివర చిన్న కంత డ్రిల్లు చేశాకే పూడ్చాలి, లేకపోతే అది వెల్డింగు కిందనుంచే ముందుకు పాకుతుంది. పైన వేసే బలం రేకు చదరంగా కాకుండా గాలిపటం ఆకారంలో కోయమనండి. కమ్మీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగు పడితే రేపు ఆ గీత వెంబడే కొత్త పగులు వస్తుంది. పనయ్యాక డబ్బా లోపల కాలిన చోట నూనో మైనమో పిచికారీ చేయించకపోతే తుప్పు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇదంతా చేసే మనిషికి కూలీ, సామానూ కలిపి రూ.50 వేలు, 60 వేలు అవుతుందని నా అంచనా. విజయనగరంలో షెడ్డు నడిపినవాణ్ణి, తక్కువ చెప్పేవాళ్ళని చాలామందినే చూశాను. పని ఎవరికివ్వాలంటే, సాలూరు లారీ షెడ్లలో ఛాసిస్ వంపుని కంటితో పట్టేసే మేస్త్రీలున్నారు, వంపు చూపించుకోడానికి వాళ్ళ తర్వాతే ఎవరైనా. కానీ వాళ్ళ చెయ్యి మందం కమ్మీకి అలవాటు పడింది. జిప్సీ పల్చటి డబ్బాని ఆ వేడితో కాలిస్తే రేకు కరిగిపోతుంది. కార్ల బాడీ పని చేసే సీఓటూ వెల్డరునే పట్టుకోండి, గాజువాక ఆటోనగర్ దాకా వెళ్ళినా పర్లేదు.

కాగితాల ఖర్చు మీ లెక్కలో కనిపించలేదు, నాకు అసలు టెన్షన్ అక్కడే. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. 2008 బండికి అది 2023లో అయిపోయింది. తర్వాత అయిదేళ్ళకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. ఆయన పొడిగించాడా? ఆర్‌సీ తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. పొడిగించకపోతే ఆ పని ఒడిశాలో ఆయనే, ఆయన డబ్బుతోనే చేయించి, ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చి ఇవ్వాలి. ఇంకో రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, దాని మీద లైఫ్ ట్యాక్సూ పడుతుంది. ‘తోటలో తిరిగే బండికి కాగితాలెందుకు’ అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. తోటకి వెళ్ళాలంటే ముందు రోడ్డెక్కాలి కదండీ.

ఛాసిస్ మొత్తం మార్చేద్దామన్న ఆలోచన ఎవరైనా పెడితే వినకండి. బండి గుర్తింపంతా ఛాసిస్ మీద కొట్టిన నంబరులోనే ఉంది. తుక్కు షాపులో దొరికే ఛాసిస్ మీద ఇంకెవరిదో నంబరుంటుంది. అది దొంగ బండిది అయితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

మొత్తం కూడితే రూ.1,40,000 బండి ఇంటికి చేరేసరికి రెండు లక్షలు దాటిపోతుంది. దాని మీద ఇంకో యాభై, అరవై వేలు వేసుకుంటే ఛాసిస్ శుభ్రంగా ఉన్న జిప్సీ కోసం ఓపిగ్గా వెతకొచ్చు. మారుతీ వీటి తయారీ ఆపేసింది కాబట్టి మంచివాటి ధర దిగదు, రేపు మీరు అమ్ముకున్నా డబ్బు తిరిగొస్తుంది. అతుకుల బండికి ఆ ధీమా లేదు. ఇదే బండి కావాలనుకుంటే, కొలతలన్నీ నెగ్గాక, కాగితాలు ఆయన సరిచేసి ఇచ్చేటట్టు, రూ.80 వేల దగ్గర బేరం మొదలుపెట్టి రూ.90 వేలు దాటకండి.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్తాను. పిక్కల బస్తా 80 కిలోలు. నాలుగు వేస్తే 320 కిలోలు, పైన మీరూ ఇంకో మనిషీ. ఆ బరువులో చాలా మటుకు ఆనేది ఇప్పుడు షాకిల్ దగ్గర చిల్లు పడిన ఆ వెనక భాగం మీదే. ఎంత బాగా వెల్డింగు చేసినా నాలుగు బస్తాలకి మించి వేయొద్దు. అంటే ట్రాక్టరు ఒక్కసారి దించేది మీరు మూడు, నాలుగు ట్రిప్పులు తిరగాలి, కొండదారిలో జిప్సీ లీటరుకి పది కిలోమీటర్లిస్తే గొప్ప. మీ అవసరం పంట దించడం ఒక్కటే అయితే ట్రాక్టరు అద్దే చవక. ఏడాది పొడుగునా తోటకి రాకపోకలుండి, వానల్లో గెడ్డ దాటాల్సిన పని ఉంటేనే జిప్సీ మీకు అక్కరకొస్తుంది. నాకు ఆ బండంటే ఎంత ఇష్టమో తెలిసినవాళ్ళు ఈ జవాబు చదివి నవ్వుకుంటారు.

ప్రశ్న: 2012 మోడల్ థార్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయి చదవడానికి రావట్లేదు. తెలిసిన షెడ్డులో పంచ్ కొట్టించేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: వద్దు. ఆర్‌సీలో ఉన్న నంబరే కొట్టించినా, అధికారుల అనుమతి లేకుండా కొడితే నంబరు దిద్దిన కేసు అవుతుంది. ముందు కిరసనాయిలుతో నానబెట్టి మెత్తటి వైరు బ్రష్షుతో రుద్దండి. గ్రైండరు పెట్టొద్దు, మిగిలిన అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఆరాక పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే కంటికి కనిపించని అంకెలు కూడా ముద్రలో తేలుతుంటాయి. అలా తేలితే ఫొటోలు తీసి దాచుకుని, ఆ చోట గ్రీజు రాయండి. తేలకపోతే ఆర్‌సీ, ఇన్సూరెన్సు, కొన్న కాగితాలు పట్టుకుని విజయనగరం రవాణా కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. వాళ్ళు చూసి ఆర్డరు ఇచ్చాకే నంబరు మళ్ళీ కొట్టించాలి. మీ బండి రిజిస్ట్రేషను 2012లోనే అయివుంటే 2027లో రెన్యువల్‌కి వస్తుంది, అప్పుడు ఇన్‌స్పెక్టరు మొదట వెతికేది ఆ నంబరునే. ఆలోగా ఈ పని ముగించుకోండి.