దసరా సెలవుల్లో హైదరాబాద్‌లోనే ఉంటున్నాం, అయిదేళ్ల పాపతో ఇంట్లో ఏం చేయించవచ్చు?

హైదరాబాద్‌లోనే ఉన్నారు కదా, యాక్టివిటీ కిట్లు కొనకండి. బతుకమ్మ పేర్పించండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి గునుగు, బంతి, చామంతి తెచ్చి, ముందు రంగుల వారీగా వేరు చేయించండి. గునుగు కాడలు కత్తిరించే పని మీది, రంగునీళ్లలో ముంచే పని పాపది. కింద పాత చీర పరచండి. చేతులకు రంగు ఎలాగూ అంటుతుంది, తిట్టకండి.

తాంబాలంలో ఆకులు పరిచి, అడుగు వరుస వెడల్పుగా, పైకి పోయేకొద్దీ చిన్నగా పేర్చాలి. మధ్యలో ఖాళీని ఆకుల ముక్కలతో నింపకపోతే ఒరిగిపోతుంది. ఒకసారి ఒరగనివ్వండి, ఎందుకు పడిందో తనే కనిపెడుతుంది. ఒక్కో వరుసకు ఎన్ని పూలు పట్టాయో లెక్కపెట్టించండి. 9 రోజులూ చేయించాలని టెన్షన్ పడొద్దు, రెండు మూడు రోజులు చాలు.

చివరి రోజు సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు మీరు వేయించండి. చల్లారాక పల్లీల పొట్టు తీసి ఊదడం పాపకిస్తే మహా సరదా (ఇల్లంతా పొట్టే అనుకోండి). తమ్ముడో చెల్లో ఇంకా చిన్నవాళ్లుంటే మాత్రం పల్లీలు అందనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.