సుప్రీం కోర్టుకు పోయేముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

రస్తా కేసు జమ్మలమడుగులో గెలిచి, ప్రొద్దుటూరు అప్పీలులోనూ నిలబెట్టుకొని, హైకోర్టులో సెకండ్ అప్పీలు పోగొట్టుకున్నామని అక్క ఫోనులో ఏడ్చింది. ఎకరా అమ్మైనా సుప్రీం కోర్టుకు పోతామంటున్నారట. కడప కోర్టులో వకీలు గుమాస్తాగా నా తల నెరిసింది. అట్లా అమ్ముకొని పోయినోళ్లను చూసినాను. అమ్మకం మాట ఆపి ముందు ఇది చదువు.

సుప్రీం కోర్టు మీరనుకున్నట్టు మూడో అప్పీలు కాదు. జిల్లా కోర్టులో అప్పీలు మీ హక్కు. ఢిల్లీలో మాత్రం అప్పీలు చేసుకోనివ్వండని ముందు అనుమతి అడగాల. రాజ్యాంగం 136వ అధికరణం కింద వేసే ఆ పిటిషన్‌నే ఎస్.ఎల్.పి. (స్పెషల్ లీవ్ పిటిషన్) అంటారు. అనుమతి దొరికితేనే అది సివిల్ అప్పీలు అవుతుంది. చాలా పిటిషన్లను మొదటి వాయిదాలోనే, కొన్ని నిమిషాల్లో కొట్టేస్తారు. రస్తా వెడల్పెంత, ఏ సాక్షి ఏం చెప్పినాడు అనేది అక్కడ మామూలుగా మళ్లీ తవ్వరు. కింది కోర్టుల్లో పెట్టని కాగితాలు అక్కడ కొత్తగా పెడతామన్నా మామూలుగా కుదరదు.

అయినా మీకు ఆశ ఉందనే నా నమ్మకం. కింది రెండు కోర్టులూ సాక్ష్యం చూసి రస్తా ఉందని తేల్చినాయి. దాన్ని హైకోర్టు తిరగరాయాలంటే, సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం సి.పి.సి. 100వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన న్యాయప్రశ్న ఒకటి ముందు రాసుకొని దానికే జవాబు చెప్పాల. ఆ ప్రశ్నే రాసుకోకుండా సాక్ష్యాన్ని మళ్లీ తూచి ఇచ్చిన తీర్పులను సుప్రీం కోర్టు ఎన్నోసార్లు పక్కనపెట్టింది. కాబట్టి తీర్పులో 'సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా' అన్న మాట యాడుందో వెతుకు. అది లేకపోతే మీ పిటిషన్‌కు అదే ప్రాణం. ప్రశ్న సరిగ్గా రాసి, సరిగ్గా జవాబిచ్చి ఉంటే మాత్రం, చెప్పడానికి నాకు కష్టంగా ఉన్నా, ఢిల్లీ ఖర్చు పెట్టొద్దనే అంటాను.

గడువు తీర్పు తేదీ నుంచి 90 రోజులు. తీర్పు నకలు తయారయ్యేందుకు పట్టిన కాలం అందులోంచి తీసేస్తారు గానీ, అది నువ్వు దరఖాస్తు పెట్టినాకే. హైకోర్టు 1954లో గుంటూరులో, 1956 నుంచి హైదరాబాదులో, 2019 నుంచి అమరావతిలో. సీమవాళ్లకు ఎప్పుడూ దూరమే. అందుకే ఈరోజే అక్కడి వకీలుకు ఫోన్ చేసి నకలుకు దరఖాస్తు పెట్టించు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాల, నమ్మదగిన కారణం చూపాల.

పిటిషన్ వేసినంత మాత్రాన హైకోర్టు తీర్పు ఆగదు. స్టే విడిగా అడగాల. అంతలోపల అవతలివాళ్లు కంచె వేస్తే గొడవకు పోవద్దు. తేదీ తెలిసేట్టు ఫోటోలు తీసి పెట్టు.

అక్కడ మీ తరఫున కేసు దాఖలు చేయగలిగే వకీలు అడ్వొకేట్ ఆన్ రికార్డ్ మాత్రమే. సుప్రీం కోర్టు పెట్టే పరీక్ష పాసైన వకీళ్లు వాళ్లు, పేర్లు కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. 'నాకు ఢిల్లీలో మనుషులున్నారు' అనే మధ్యవర్తి చేతికి రూపాయి ఇవ్వొద్దు. తెలుగులో ఉన్న వాంగ్మూలాలు, కాగితాలు ఇంగ్లీషులోకి మార్చాల, ఆ ఖర్చూ లెక్కలో పెట్టుకో.

ఇంతకూ ఎకరా ఎందుకమ్మాల? దావా వేసింది మీ అమ్మ పేరునే గదా. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. దీనికి సుప్రీం కోర్టులోనే లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంది. కేసులో బలముందనిపిస్తే వకీలును వాళ్లే పెడతారు. కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగుదాం, లేదా న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చెయ్యి.

మూడు కోర్టుల తీర్పులు, అమ్మ ఆధార్ కార్డు తీసుకొని సోమవారం రా. దరఖాస్తు మీద సంతకం ఆమెదే కావాల, అందుకని అక్కనూ పిలుచుకొని రా.

ఇట్లు,
మీ మామ